అమెరికా విశ్వవిద్యాలయాల సారథ్యంలో నల్లజాతి మహిళలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

హార్వర్డ్ అధ్యక్షురాలు క్లాడీన్ గే రాజీనామా చేసిన వారంలోనే నాకు ఫోన్లు మొదలయ్యాయి. అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ పాలనా కార్యాలయంలో కొన్నేళ్లు పనిచేసి వచ్చాను కాబట్టి అక్కడి లోగుట్టు నాకు తెలిసి ఉంటుందని బంధువుల నమ్మకం. లోగుట్టంతా తెలియదు గానీ అడిగినవాళ్లకు తెలిసినంత చెబుతూ వచ్చాను. అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుండటంతో వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## ముందుగా, మాటలూ లెక్కలూ

“నల్లజాతి” అనవచ్చా? ఆఫ్రికన్ అమెరికన్ అనాలి కదా?

అనవచ్చు. అక్కడి సమాజం తనను తాను పిలుచుకునే పేరు కూడా అదే. పైగా అది విశాలమైన మాట. అమెరికాలో బానిసలుగా బతికినవారి వారసులతో పాటు హైతీ, జమైకా, నైజీరియాల నుంచి వలస వచ్చిన కుటుంబాలూ అందులో ఇముడుతాయి. క్లాడీన్ గే తల్లిదండ్రులు హైతీ వారే. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆ ఇంగ్లీషు మాటను పెద్దక్షరంతో రాయడం మొదలుపెట్టింది. మన లిపిలో పెద్దక్షరాలు లేవు, కాబట్టి ఆ మర్యాదను క్రియాపదంలో చూపించుకోవాలి. పాత తెలుగు పుస్తకాల్లో కనిపించే “నీగ్రో”ను మాత్రం ఇక వదిలేయాలి.

ప్రెసిడెంట్, చాన్సలర్, ప్రొవోస్ట్: వీరిలో మన వైస్ చాన్సలర్‌తో సమానం ఎవరు?

సాధారణంగా ప్రెసిడెంట్. మన దగ్గర చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు గవర్నర్ చాన్సలర్‌గా ఉంటారు, పని నడిపేది వైస్ చాన్సలర్. అమెరికాలో చాన్సలర్ అన్నది అలంకారపు పదవి కాదు. కొన్ని రాష్ట్రాల్లో ఒక క్యాంపస్ అధిపతిని, కొన్నిచోట్ల క్యాంపస్‌లన్నింటి మీది అధిపతిని అలా పిలుస్తారు. ప్రొవోస్ట్ చదువుల వ్యవహారాలకు పెద్ద, ప్రెసిడెంట్ తర్వాతి స్థానం. వీరందరి పైన ట్రస్టీల బోర్డు ఉంటుంది. అధ్యక్షురాలిని నియమించేది, జీతం నిర్ణయించేది, పొమ్మనేది ఆ బోర్డే. పత్రికల్లో ఫొటో అధ్యక్షురాలిది పడుతుంది గానీ అసలు కథ చాలాసార్లు బోర్డు గదిలో నడుస్తుంది.

ఇంతకీ అలాంటి అధ్యక్షురాళ్లు ఎంతమంది?

అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 2023లో వెలువరించిన సర్వే ప్రకారం కళాశాలల, విశ్వవిద్యాలయాల అధ్యక్షుల్లో మహిళలు సుమారు మూడో వంతు. శ్వేతజాతికి చెందని మహిళలందరినీ (నల్లజాతి, లాటిన్, ఆసియా, ఆదివాసీ మూలాల వారిని) కలిపినా పదిమందిలో ఒకరికి కాస్త ఎక్కువ. నల్లజాతి మహిళల వాటా అందులో ఒక భాగమే. పదవీకాలం లెక్క కూడా చూడాలి. 2006లో అధ్యక్షులు సగటున ఎనిమిదిన్నరేళ్లుగా పదవిలో ఉండేవారు, 2022 నాటికి అది 5.9 ఏళ్లకు పడిపోయింది. తలుపు తెరుచుకునే వేళకు గదే ఇరుకైంది.

## తొలి తరం

మొదట ఎవరు?

“మొదట” అన్నదాన్ని ఎలా కొలుస్తామన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. నా ఓటు మేరీ మెక్‌లాయిడ్ బెతూన్‌కు. ఆమెది బానిసత్వం నుంచి బయటపడ్డ దంపతుల ఇల్లు, పుట్టింది 1875లో, దక్షిణ కరోలినాలో. 1904లో ఫ్లోరిడాలోని డేటోనాలో డాలరున్నర చేతిలో పెట్టుకుని, ఐదుగురు ఆడపిల్లలతో, తన కొడుకుతో బడి ప్రారంభించారు. చెక్కపెట్టెలే బల్లలు, పండ్ల రసమే సిరా. చిలగడదుంప తీపి వంటకాలు చేసి కూలీలకు అమ్మి బడి నడిపారు. అదే పెరిగి బెతూన్ కుక్‌మన్ విశ్వవిద్యాలయం అయింది. 2022లో అమెరికా పార్లమెంటు భవనంలో రాష్ట్రాల తరఫున నిలిపే విగ్రహాల సరసన ఫ్లోరిడా ఆమె విగ్రహాన్ని పెట్టింది. ఆ వరుసలో నిలిచిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమే.

ఒక పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయానికి అధిపతి అయిన తొలి నల్లజాతి మహిళ ఎవరని అడిగితే మేరీ ఫ్రాన్సిస్ బెరీ. 1976లో కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ క్యాంపస్‌కు చాన్సలర్ అయ్యారు. ఐవీ లీగ్‌లో (హార్వర్డ్ లాంటి ఎనిమిది పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల బృందం అది) తొలి నల్లజాతి అధ్యక్షులు రూత్ సిమన్స్, 2001లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో. ఆ ఎనిమిది సంస్థల్లో అంతకుముందు నల్లజాతి పురుషుడు కూడా ఎవరూ ఆ కుర్చీలో కూర్చోలేదు.

నల్లజాతివారి కోసం పెట్టిన కళాశాలల్లో ఈ ఇబ్బంది ఉండదు కదా?

చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అట్లాంటాలోని స్పెల్‌మన్ నల్లజాతి ఆడపిల్లల కోసమే 1881లో వెలిసిన కళాశాల. అక్కడ మొదట శ్వేతజాతి మహిళలు, తర్వాత నల్లజాతి పురుషులు అధ్యక్షులయ్యారు. 1976లో మళ్లీ ఒక పురుషుణ్నే ఎంపిక చేసినప్పుడు విద్యార్థినులు ట్రస్టీలను గదిలో పెట్టి తాళం వేశారు. నిర్ణయం మారలేదు. నల్లజాతి మహిళ జానెటా కోల్ ఆ కుర్చీ ఎక్కింది 1987లో. ఆడపిల్లల కళాశాలలో 106 ఏళ్ల నిరీక్షణ అది.

వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయానిది ఇంకో రకం కథ. 1922లో లూసీ డిగ్స్ స్లో అక్కడ మహిళల డీన్ అయ్యారు. టెన్నిస్‌లో జాతీయ పతకం గెలిచిన మనిషి. విద్యార్థినులను కాపలా కాయడం తన పని కాదు, వాళ్లను స్వతంత్రంగా ఎదగనివ్వడమే తన పని అన్నది ఆమె పట్టుదల. కొత్త అధ్యక్షుడు ఆమెను సొంతిల్లు వదిలి క్యాంపస్‌లోనే ఉండాలన్నారు. మగ డీన్లకు ఆ షరతు లేదు. 1937లో చనిపోయేదాకా ఆ పెనుగులాట తెమలలేదు. అధ్యక్షుడూ నల్లజాతివారే. రంగు ఒకటే అయినంత మాత్రాన మగపెత్తనం తగ్గుతుందన్న హామీ లేదు.

విల్లా ప్లేయర్ పేరు ఎందుకు వినిపించదు?

వినిపించాలి. ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నల్లజాతి మహిళల కళాశాల బెనెట్‌కు ఆమె 1950ల మధ్యలో అధ్యక్షురాలయ్యారు. 1958లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరికి వస్తే సభకు చోటివ్వడానికి మిగతావారు జంకారు. ఈమె తన కళాశాల ప్రార్థనా మందిరం తలుపులు తీశారు. తర్వాత హోటళ్లలో వర్ణవివక్షకు వ్యతిరేకంగా బైఠాయించి విద్యార్థినులు జైలుకు వెళితే, కూతుళ్లను వెనక్కి పిలిపించమని తల్లిదండ్రులకు ఉత్తరాలు రాయలేదు. తానే జైలుకు వెళ్లి చూసివచ్చారు, పాఠాలు, పరీక్షలు అక్కడికే చేరే ఏర్పాటు చేశారు.

## కుర్చీ దాకా దారి

పీహెచ్‌డీ, అనుభవం ఉంటే చాలదా?

ఆ రెండూ ఉన్నవారు వరుసలో చాలామంది ఉంటారు. మామూలు దారి ఇది: అసిస్టెంట్ ప్రొఫెసర్, శాశ్వత నియామకం (అక్కడ టెన్యూర్ అంటారు), విభాగాధిపతి, డీన్, ప్రొవోస్ట్, ఆపైన అధ్యక్ష పదవి. జల్లెడ టెన్యూర్ దగ్గరే మొదలవుతుంది. పులిట్జర్ బహుమతి పొందిన పాత్రికేయురాలు నికోల్ హానా జోన్స్‌కు 2021లో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం అధ్యాపక పీఠం ఇచ్చింది. అధ్యాపకులు టెన్యూర్‌కు సిఫారసు చేశారు, బోర్డు ఆ ఫైలు ముట్టుకోలేదు. ఐదేళ్ల ఒప్పందం చేతిలో పెట్టారు. గొడవ రచ్చకెక్కాక 9–4 ఓట్లతో ఆమోదించారు. అప్పటికి ఆమె మనసు విరిగింది. హోవార్డ్‌కు వెళ్లిపోయారు.

“అదనపు పని” అని తరచూ అంటారు. ఏమిటది?

ప్రతి కమిటీలోనూ ఒక మహిళ, ఒక నల్లజాతి సభ్యురాలు ఉండాలంటారు. విభాగంలో అలాంటి అధ్యాపకురాలు ఒక్కరే ఉంటే కమిటీలన్నీ ఆమెకే. నల్లజాతి విద్యార్థులు ఏ కష్టమొచ్చినా తట్టేది ఆమె తలుపే. పదోన్నతి వేళ మాత్రం లెక్కలోకి వచ్చేది పరిశోధన పత్రాల సంఖ్య. 1994లో అమాడో పడియా అనే విద్యావేత్త దీన్ని సాంస్కృతిక పన్నుగా వర్ణించారు. రశీదు రాని పన్ను అది.

జాతి వివక్ష, లింగ వివక్ష రెండూ కూడితే వచ్చేదే కదా ఇది?

కూడిక కాదు. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి మహిళలు వేసిన కేసు, 1976లో తీర్పు వచ్చినది, గుర్తుకు తెచ్చుకోండి. కంపెనీలో నల్లజాతివారికి ఉద్యోగాలున్నాయి, అయితే మగవాళ్లకు, ఫ్యాక్టరీ పనుల్లో. మహిళలకూ ఉన్నాయి, అయితే శ్వేతజాతివారికి, ఆఫీసు పనుల్లో. కాబట్టి లింగ వివక్ష లేదు, జాతినీ లింగాన్నీ కలిపి కొత్త కేటగిరీ సృష్టించలేమని కోర్టు తేల్చింది. 1989లో న్యాయ ఆచార్యురాలు కింబర్లే క్రెన్‌షా ఈ తీర్పును తీసుకుని, నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ మనిషికి ఎటునుంచైనా బండి తగలవచ్చని వివరించారు. ఇంటర్‌సెక్షనాలిటీ అన్న మాట అలా పుట్టింది.

## ఎంపిక వేళ

కష్టకాలంలోనే వీళ్లకు పదవులిస్తారన్నది నిజమా?

ఆ ఆలోచనకు పేరు పెట్టింది బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మిషెల్ రయన్, అలెక్స్ హాస్లమ్. 2005లో కంపెనీల బోర్డులను పరిశీలించి, సంస్థ దిగజారుతున్నప్పుడు మహిళలను పైకి తెచ్చే ధోరణి కనిపిస్తోందన్నారు. పై పదవులకు కనిపించని అడ్డుగా నిలిచే గాజు పైకప్పును పగలగొట్టుకుని పైకి వస్తే, కాలు పెట్టింది గాజు కొండ అంచున అన్నమాట. ప్రతి నియామకానికీ ఇది అంటగట్టలేం. అయినా కొన్ని సందర్భాలు ఆలోచింపజేస్తాయి. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి ఉద్యోగుల సమ్మె, క్యాంపస్ భద్రతపై ఆందోళన, అధ్యక్షుడి రాజీనామా వరుసగా జరిగాక, 2023 ఏప్రిల్‌లో తాత్కాలిక అధ్యక్షురాలిగా పిలిచింది అక్కడే దశాబ్దాలు పనిచేసిన జోఆన్ ఎప్స్‌ను.

“తొలి నల్లజాతి మహిళా అధ్యక్షురాలు” అన్న వార్త చూస్తే ఏమి గమనించాలి?

నేనైతే ముందు వెనకటి అధ్యక్షుడు ఎలా దిగిపోయాడో చూస్తాను. తర్వాత ఖజానా. ఆ తర్వాత బోర్డు: నియమించినవారే ఇంకా ఉన్నారా, రాష్ట్రంలో ప్రభుత్వం మారి కొత్తవారు వచ్చారా. “తాత్కాలిక” అన్న చిన్న మాట ఎక్కడైనా దాక్కుందేమో వెతుకుతాను. ఆ మాట ఉంటే బాధ్యత పూర్తిగా ఆమెది, అధికారం సగం.

## కుర్చీలో కూర్చున్నాక

రోజువారీ అనుభవం ఎలా ఉంటుంది?

పెద్ద అవమానాల కన్నా చిన్న గీతలే ఎక్కువ. పక్కనున్న పురుషుడికి డాక్టర్ అన్న గౌరవం, ఈమెకు ఒట్టి పేరు. గట్టిగా మాట్లాడితే “కోపిష్టి నల్లజాతి ఆడది” అన్న పాత ముద్ర, మెత్తగా మాట్లాడితే పట్టు లేదన్న గొణుగుడు. మా కార్యాలయంలో ఒక ఉపాధ్యక్షురాలి గదికి వచ్చిన దాత ఒకాయన, తలుపు దగ్గర ఆమెనే చూసి “మేడమ్ ఎప్పుడు వస్తారు?” అని అడిగాడు. “ఇప్పుడే వచ్చారు, కూర్చోండి” అన్నారామె. చెక్కు తీసుకునే పంపించారు. ఆ సాయంత్రం మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

జుట్టు గురించి చట్టం ఉందట, నిజమేనా?

నిజమే. సహజమైన ఉంగరాల జుట్టు, సన్నటి జడలు ఉద్యోగానికి తగవని వెనక్కి పంపే అలవాటుకు వ్యతిరేకంగా 2019లో కాలిఫోర్నియా మొదటి చట్టం చేసింది. దాన్ని క్రౌన్ చట్టం అంటారు. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

రూత్ సిమన్స్‌ను అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?

టెక్సస్‌లో కౌలు రైతుల ఇంట పన్నెండో సంతానంగా పుట్టి, హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, 1995లో స్మిత్ కళాశాలకు, 2001లో బ్రౌన్‌కు అధ్యక్షురాలైన జీవితం ఎలాగూ ఆకట్టుకుంటుంది. నాకు అంతకన్నా పెద్దగా కనిపించేది ఆమె చేసిన పని. మహిళల కళాశాలలో ఇంజినీరింగ్ ఎందుకని అడిగే రోజుల్లో స్మిత్‌లో అది ప్రారంభించారు. బ్రౌన్‌లో అమెరికన్ విద్యార్థుల ప్రవేశాల వేళ కుటుంబ ఆదాయం చూడని పద్ధతి తెచ్చారు. 2003లో, ఆ విశ్వవిద్యాలయానికి బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాన్ని తవ్వి తీయమని ఒక కమిటీ వేశారు. 2006లో వచ్చిన ఆ నివేదిక తర్వాత ఎన్నో సంస్థలు తమ పునాదులు చూసుకోవలసి వచ్చింది. బానిసల వారసురాలు అడిగిన ప్రశ్న కాబట్టి సొంత కక్ష అని కొందరు సణిగారు. ఆమె మీద న్యాయమైన విమర్శలూ వచ్చాయి. పెట్టుబడి బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ బోర్డు సభ్యత్వం అందులో ఒకటి.

గట్టిగా నడిపితే నిలవనివ్వరా?

బోర్డు వెనక ఉంటే నిలుస్తారు. షర్లీ ఆన్ జాక్సన్ 1973లో ఎంఐటీ నుంచి పీహెచ్‌డీ, అదీ భౌతికశాస్త్రంలో, పొందిన తొలి నల్లజాతి మహిళ. 1999లో న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్‌కు అధ్యక్షురాలయ్యారు. భారీ విరాళాలు, కొత్త భవనాలు, కొత్త పరిశోధన వచ్చాయి. పై నుంచి శాసిస్తారని, జీతం మరీ ఎక్కువని అధ్యాపకులు మండిపడ్డారు. 2006లో అవిశ్వాస తీర్మానం కేవలం ఆరు ఓట్ల తేడాతో వీగిపోయింది. ట్రస్టీలు ఆమె పక్కనే నిలిచారు, 2022 దాకా కొనసాగారు. అధ్యాపకుల ఫిర్యాదుల్లో నిజం ఉందనే నా అభిప్రాయం. అయితే ఒక నల్లజాతి అధ్యక్షురాలికి తప్పులు చేస్తూ కూడా 23 ఏళ్లు పనిచేసే వీలు దొరికింది చూశారా, ఆ వీలు అరుదు.

## దిగిపోయే వేళ

క్లాడీన్ గేను జాతి కారణంగానే పంపించారా, నకలు రాతల వల్లనా?

ఒక్క ముక్కలో చెప్పమంటే చెప్పలేను. వరుస ఇది. 2023 జూలై 1న హార్వర్డ్ పగ్గాలు చేపట్టారు. అక్టోబర్‌లో ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి, క్యాంపస్‌లో ఉద్రిక్తత. డిసెంబర్ 5న పార్లమెంటు కమిటీ ముందు ముగ్గురు అధ్యక్షురాళ్లు. యూదుల సామూహిక హత్యకు పిలుపునివ్వడం మీ నిబంధనలకు విరుద్ధమా అన్న ప్రశ్నకు ముగ్గురూ లాయర్ భాషలో జవాబిచ్చారు. శ్వేతజాతి మహిళ అయిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు నాలుగు రోజుల్లో రాజీనామా చేశారు. ఎంఐటీ అధ్యక్షురాలిని బోర్డు నిలబెట్టుకుంది. హార్వర్డ్ బోర్డు డిసెంబర్ 12న గేకు ఏకగ్రీవ మద్దతు ప్రకటించింది. ఈలోగా ఆమె పాత పత్రాల్లో ఇతరుల వాక్యాలు సరైన ఉదహరింపు లేకుండా ఉన్నాయన్న ఆరోపణలు పెరిగాయి. ఉదహరింపులు సరిపోలేదని, పరిశోధన మోసం కాదని బోర్డు అంది. ఆమె సవరణలు పంపారు. 2024 జనవరి 2న దిగిపోయారు. హార్వర్డ్ చరిత్రలో అతి చిన్న పదవీకాలం అది. ప్రొఫెసర్‌గా మాత్రం కొనసాగారు.

ఉదహరింపు లోపాలు నిజం. విద్యార్థి చేస్తే మందలించే సంగతే. తనకు వచ్చిన జాతి ద్వేషపు బెదిరింపుల గురించి రాజీనామా లేఖలో ఆమె రాసిందీ నిజం. ఒకటి చెప్పి ఇంకొకటి దాచేవారిని నమ్మకండి. నన్ను ఆపేది మాత్రం ఏకగ్రీవ మద్దతుకూ రాజీనామాకూ మధ్య గడిచిన మూడు వారాలు.

రూత్ సిమన్స్ తన చివరి పదవిని గడువుకు ముందే వదులుకున్నారట?

అవును. విశ్రాంతి తీసుకుంటున్న ఆమెను 2017లో టెక్సస్‌లోని ప్రెయిరీ వ్యూ పిలిచింది. అది చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల విశ్వవిద్యాలయం. 2020లో 5 కోట్ల డాలర్ల విరాళం ఆమె హయాంలోనే వచ్చింది. 2023లో వారసురాలి పేరు ఖరారవుతుండగా, మిగిలిన నెలల్లో ఆమె నియామకాలు చేయకూడదని పైసంస్థ పరిమితి పెట్టింది. పేరుకు మాత్రమే అధ్యక్షురాలిగా ఉండలేనని చెప్పి, గడువుకు ముందే, ఫిబ్రవరిలో తప్పుకున్నారు.

ఈ ఒత్తిడి వల్ల ప్రాణాలు పోయాయని విన్నాను. ఎంతవరకు నిజం?

జాగ్రత్తగా మాట్లాడవలసిన విషయం. 2023 సెప్టెంబర్ 19న టెంపుల్ తాత్కాలిక అధ్యక్షురాలు జోఆన్ ఎప్స్ ఒక సంస్మరణ సభ వేదిక మీదే అస్వస్థతకు గురై మరణించారు. 2024 జనవరిలో మిస్సోరీలోని లింకన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి వ్యవహారాల ఉపాధ్యక్షురాలు ఆంటోనెట్ కాండియా బెయిలీ, ఉద్యోగం నుంచి తొలగించిన కొద్ది రోజులకే ఆత్మహత్య చేసుకున్నారు. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు రోడ్డెక్కారు. అధ్యక్షుడు సెలవుపై వెళ్లారు, బయటి సంస్థ విచారణలో వేధింపులకు ఆధారాలు దొరకలేదన్నారు, ఆయన తిరిగి వచ్చారు. ఈ మరణాలకు ఫలానాదే కారణమని నేను అనను. కానీ అంతదాకా గుసగుసగా ఉన్న అలసట గురించి ఈ పదవుల్లోని మహిళలు పేరు పెట్టి మాట్లాడటం అప్పుడే ఎక్కువైంది.

ఇప్పుడు పరిస్థితి మెరుగవుతోందా?

లేదు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని పరిగణించడాన్ని కొట్టివేసింది. 2024 జనవరి 1 నుంచి టెక్సస్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వైవిధ్య కార్యాలయాలు (అన్ని జాతులవారికీ చోటు దొరికేలా చూసేందుకు పెట్టినవి) చట్టప్రకారం మూతపడ్డాయి. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వమూ అలాంటి కార్యక్రమాలపై ఆదేశాలిచ్చింది. ఆ కార్యాలయాలను నడిపినవారిలో నల్లజాతి మహిళలు చాలామంది ఉన్నారు. కొందరికి పై పదవులకు అదొక మెట్టు కూడా.

## మన వైపు నుంచి

ఇది అమెరికాకే పరిమితమా?

కాదు. బ్రిటన్‌లో ఒక విశ్వవిద్యాలయాన్ని నడిపిన తొలి నల్లజాతి మహిళ వాలెరీ ఏమోస్, 2015లో, లండన్‌లోని సోయాస్‌లో. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ముగిసిన రెండేళ్లకు, 1996లో, మాంఫెలా రాంఫెలే కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్ అయ్యారు. నల్లజాతి మెజారిటీ ఉన్న దేశంలోనూ అది మొదటిసారే.

దీన్ని మన కులంతో పోల్చవచ్చా?

పోలిక కొత్తది కాదు. 1873లో జోతిరావు ఫూలే తన గ్రంథాన్ని బానిసత్వం రద్దుకు పాటుపడ్డ అమెరికన్లకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అయితే పోల్చడం వేరు, రెండూ ఒకటే అనడం వేరు. అక్కడి అన్యాయం గురించి అనర్గళంగా మాట్లాడే మనవాళ్లు ఇక్కడ ఎంతమంది దళిత మహిళలు వైస్ చాన్సలర్లయ్యారని అడిగితే తడుముకోవడం నేను చాలాసార్లు చూశాను.

దక్షిణ భారతంతో సంబంధం ఉన్నవారు వీరిలో ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు, నాకు చాలా ఇష్టమైన మనిషి. మార్గరీట్ రాస్ బార్నెట్ రాజనీతి శాస్త్రవేత్త, షికాగో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ. ఆమె పరిశోధించింది ద్రావిడ ఉద్యమాన్ని. ఆ పుస్తకం 1976లో ప్రిన్స్‌టన్ నుంచి వచ్చింది, తమిళ రాజకీయాలు చదివేవారు ఇప్పటికీ తిరగేస్తారు. 1986లో మిస్సోరీ విశ్వవిద్యాలయం సెయింట్ లూయిస్ క్యాంపస్‌కు చాన్సలర్, 1990లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలు అయ్యారు. రెండేళ్లు నిండకుండానే, 1992లో, 49వ ఏట మరణించారు. మన తెలుగు పిల్లలు ఎందరో చదువుకున్న హ్యూస్టన్‌లో అదే కుర్చీలోకి 2008లో ఉత్తరప్రదేశ్‌లో పుట్టిన రేణు ఖటోర్ వచ్చారు.